సూర్యోదయానికి అటూ ఇటూ అరగంట

ఆ వాతావరణ కార్యాలయంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. పందొమ్మిదేళ్లుగా పొగమంచు బులెటిన్ రాస్తున్నది ఆమే కాబట్టి అటెండరు దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరికీ ఆమె మంచు మేడమ్. మొదట్లో ఆ పిలుపు వింటే మొహం చిట్లించుకునేది. తర్వాత తర్వాత తానే ఫోనెత్తి "మంచు మేడమ్‌ని, చెప్పండి" అనే దాకా వచ్చింది.

ఆమె నాన్న లాంచీ సరంగు. ఊరిని రెండుగా చీల్చుకుంటూ పోయే నది మీద, ఈ రేవు నుంచి ఆ రేవుకూ ఆ రేవు నుంచి ఈ రేవుకూ ముప్పై నాలుగేళ్లు జనాన్ని దాటించాడు. ఆయన తర్వాత చుక్కాని అన్నయ్య చేతికొచ్చింది. ఆమెకు లెక్కలు బాగా వచ్చేవి, చదువుకుంది. భౌతికశాస్త్రంలో డిగ్రీ చేతపట్టుకుని ఈ కార్యాలయంలో పరిశీలకురాలిగా చేరింది. చేరిన కొత్తలో పనంతా ఆరుబయటే. తెల్లరంగు వేసిన చెక్కపెట్టె తలుపు తీసి థర్మామీటర్లు చూడటం, వాన కొలిచే గాజుగొట్టాన్ని కళ్లకెదురుగా పట్టుకుని అంకె చదవటం, తలెత్తి మబ్బు ఎంత కమ్మిందో అంచనా వేసి పుస్తకంలో రాయటం. శాఖ పరీక్షలు ఒక్కొక్కటే గట్టెక్కి, పదకొండేళ్ల తర్వాత లోపల తెరల ముందున్న కుర్చీలోకి వచ్చింది. పెళ్లయింది, ఒక కూతురు. భర్త బడిలో లెక్కల మాస్టారు. పొద్దుటి షిఫ్టు ఉన్న వారాల్లో ఇంటి పనంతా ఆయనదే. పాలు పొంగించటంలో ఆయన్ని మించినవాడు లేడని కూతురు ఎగతాళి చేసేది.

పొద్దుటి షిఫ్టు ఐదింటికి మొదలు. ఆరూ ఇరవైకి బులెటిన్ వెళ్లిపోవాలి. మూడు రేవులకూ బస్సు డిపోకూ వంతెన దగ్గరున్న పోలీసు చౌకీకీ అదే ఆధారం. ఆరున్నరకు మొదటి లాంచీ కదులుతుంది. అందులో ఎక్కేది ఎక్కువగా రాత్రి డ్యూటీ దిగిన నర్సులు, బట్టల మిల్లుకు పోయేవాళ్లు, కూరగాయల గంపలవాళ్లు. లాంచీ అరగంట ఆలస్యమైతే మిల్లువాళ్లకు సగం పూట పోతుంది. మంచులో పోతే ఏం పోతుందో చెప్పలేం. అందుకే ఆరూ ఇరవై దగ్గరపడుతుంటే ఆమె గడియారం వైపే చూస్తుండేది.

పాత పద్ధతి ఇలా ఉండేది. చల్లదనం, తేమ, గాలి చూసుకుని ఒక అంచనాకు వచ్చేది. ఆరూ పదికి అన్నయ్యకు ఫోన్ చేసేది.

"అన్నయ్యా, అవతలి ఒడ్డు కనపడుతోందా?"

"ఒడ్డా? నా చెయ్యి నాకే కనపడట్లేదు."

"సరిగ్గా చెప్పు. వేళాకోళానికి టైము లేదు."

"మిల్లు గొట్టం లేదు. నీళ్ల ట్యాంకు లేదు. పక్క లాంచీలో ఎవడో దగ్గుతున్నాడు. వినపడుతున్నాడు గానీ కనపడట్లేదు."

ఆమె బులెటిన్‌లో 'దృశ్యమానత వంద మీటర్ల లోపు' అని రాసేది. దగ్గు ఎంత దూరం నుంచి వినపడిందో లెక్కలోకి తీసుకునేదని ఆఫీసులో ఒక జోకు ఉండేది. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు.

ఆ ఏడు చలికాలం మొదట్లో డైరెక్టరు ఆమెను గదిలోకి పిలిచాడు. ఆయన రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలున్నాయి. ఆ పద్నాలుగు నెలలూ ఎవరూ తన తలుపు తట్టకుండా గడిచిపోతే చాలన్నది ఆయన కోరిక. మనిషి చెడ్డవాడు కాదు. గొడవ అంటే పడదు, అంతే.

"ఏమ్మా, మనకో గౌరవం దక్కింది," అన్నాడు, ఒక ఉత్తరం ముందుకు తోస్తూ. "పరిశోధన కేంద్రం వాళ్లు ఉపగ్రహం నుంచి పొగమంచు చూపించే కొత్త చిత్రం తయారుచేశారట. తొమ్మిది ఆఫీసులను ఎంపిక చేశారు. వంద రోజులు వాడి చూసి, రోజూ ఒక ఫారం నింపి పంపాలి. పనికొస్తుందా రాదా అన్నది మనలాంటి వాళ్ల మాట మీదే తేలుతుంది."

"మన మాట మీదే తేలుతుందా సార్?"

"ఉత్తరంలో అలాగే ఉందమ్మా."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. మొదటి వారం ఆమె ఆ చిత్రాన్ని చూసి మురిసిపోయింది. పాత ఉపగ్రహ చిత్రాల్లో రాత్రిపూట మంచుకూ నేలకూ తేడా తెలిసేది కాదు, రెండూ ఒకే బూడిదరంగు. ఈ కొత్తదానిలో మంచు పసుపురంగులో, నది వంపు తిరిగిన చోటల్లా తానూ వంపు తిరుగుతూ, నేల మీద ఎవరో నూలుపోగు పరిచినట్టు కనపడింది. పదిహేను నిమిషాలకొక చిత్రం. ఐదుంబావుకు ఆ పసుపుపోగు వాగుల్లోకి పాకటం చూసి, పడుకున్న భర్తను ఫోన్ చేసి లేపింది.

"ఏమైంది? ఎవరికేమైంది?" అన్నాడాయన కంగారుగా.

"ఏమీ కాలేదు. మంచు కనపడుతోంది!"

"పందొమ్మిదేళ్లుగా చూస్తున్నావు కదే," అని ఆయన ఫోన్ పెట్టేసి మళ్లీ నిద్రపోయాడు.

ఆ మురిపెం ఫారం దగ్గర విరిగింది. పన్నెండు ప్రశ్నలు. చిత్రం స్పష్టంగా ఉందా, మీ నిర్ణయానికి తోడ్పడిందా, ఎంత నమ్మకం కలిగింది? ఒకటి నుంచి ఐదు దాకా అంకె వెయ్యాలి. నిజంగా ఏం జరిగిందో పోల్చి చూసేందుకు రెండే గడులు: రాత్రి, పగలు. ఆమెకు కావలసిన ఆరూ ఇరవై ఏ గడిలోకి వస్తుందో అర్థం కాలేదు. పరిశోధన కేంద్రానికి ఫోన్ చేసింది. అవతల ఒక అమ్మాయి గొంతు. చిత్రం తయారుచేసిన బృందంలో తానూ ఉన్నానని చెప్పింది.

"సూర్యోదయానికి అటూ ఇటూ అరగంట లెక్కలోకి తీసుకోవద్దు మేడమ్. ఆ గంట వదిలెయ్యండి," అంది మర్యాదగా.

"నాకు పని ఉండేదే ఆ గంటలో కదమ్మా. మిగతా ఇరవై మూడు గంటలూ నా బులెటిన్‌తో ఎవరికి పని?"

"అవును మేడమ్. కానీ మూల్యాంకన పద్ధతి అలా ఉంది. వివరాలన్నీ మాన్యువల్‌లో ఉన్నాయి."

ఆ మాన్యువల్ నలభై ఆరు పేజీలు. ఆమె పన్నెండో పేజీ దాకా చదివింది. పదమూడో పేజీ నుంచి సమీకరణాలు మొదలయ్యాయి. సెలవురోజున తీరిగ్గా చూద్దామని సొరుగులో పెట్టింది. ఆ గంట వదిలెయ్యమన్నది లెక్కలు కట్టేవాళ్ల బద్ధకమనుకుంది. చీకటీ వెలుతురూ కలిసే చోట గడి గీయటం కష్టమై కాబోలు, చేతులు దులుపుకున్నారనుకుంది. వ్యాఖ్యలకని ఫారం అడుగున ఒక గడి ఉంటే అందులో తన గోడు రాసింది. నాలుగు ముక్కలు దాటగానే ఆ గడి మాట మధ్యలోనే తెంపేసింది. 'మాకు అసలు అవసరమైన సమయం ఆరింటి నుంచి ఆరున్నర. ఆ సమయంలో చిత్రం ఎలా' అని వెళ్లింది. ఎలా ఏమిటో ఎవరూ తిరిగి అడగలేదు.

మొదటి ఇరవై రోజుల్లో పట్టిన మంచు ఆరింటికి ముందే విడిపోయింది కాబట్టి అన్నయ్య మాటకూ చిత్రానికీ పేచీ రాలేదు. ఇరవయ్యో రోజుకు డైరెక్టరు మళ్లీ పిలిచాడు. ఈసారి కూర్చోమనలేదు.

"ఏమ్మా, నువ్వు పొద్దున్నే మీ అన్నయ్యకు ఫోన్ చేసి బులెటిన్ రాస్తున్నావట?"

"పందొమ్మిదేళ్లుగా చేస్తున్నాను సార్."

"పరీక్ష శాటిలైట్‌కా, మీ అన్నయ్యకా? నువ్వు ఆయన్ని అడిగి రాస్తే ఆ చిత్రం నీకు ఎంత తోడ్పడిందో వాళ్లకెలా తెలుస్తుంది? వంద రోజులూ చిత్రం చూసే రాయాలి. కేంద్రం నుంచి గట్టిగా చెప్పారు."

అందులో న్యాయం లేకపోలేదు. అదే ఆమెకు ఒళ్లు మండించింది. కాదనటానికి ఒక్క ముక్క దొరకలేదు. పరీక్షలో పక్కవాణ్ణి అడిగి రాయకూడదని కూతురికి తానే చెప్పేది. ఆ రోజు నుంచి ఫోన్ మానేసింది. రెండు రోజుల తర్వాత అన్నయ్యే చేశాడు. "ఏం చిన్నీ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. సంగతి చెప్పింది. "సరే, పైనుంచి చూసేవాళ్లకు నాకంటే బాగానే కనపడుతుందిలే," అన్నాడాయన. ఆ గొంతులో చిన్నబుచ్చుకున్నట్టు ఏదో ఉంది.

నలభై ఒకటో రోజు. ఐదుముప్పావు చిత్రంలో నది మీద పసుపుపోగు నిండుగా ఉంది. ఆరింటి చిత్రంలో సన్నబడింది. ఆరుంబావు చిత్రంలో అసలు లేదు. నది నల్లగా, శుభ్రంగా, తుడిచిన పలకలా ఉంది. చల్లదనం చూస్తే మాత్రం మంచు ఇంత తొందరగా విడిపోయే రోజులా లేదు. గాలి ఒక్క ఆకును కదిపేలా లేదు. చెయ్యి ఫోన్ దాకా వెళ్లి ఆగింది. గుట్ట మీది కార్యాలయం నదికి పెడమొహంగా ఉంది కాబట్టి కిటికీలోంచి చూస్తే ఎండ పొడ తప్ప ఏమీ తెలియలేదు. ఆరూ ఇరవైకి 'నదిపై పొగమంచు విడిపోయింది. లాంచీల రాకపోకలకు ఆటంకం లేదు' అని రాసి సంతకం చేసి పంపింది.

రేవు దగ్గర మంచు పల్చగానే ఉంది. నది మధ్యకు మాత్రం చూపు ఆనటం లేదు. అన్నయ్య తాడు విప్పకుండా కాసేపు తటపటాయించాడు. టికెట్ కిటికీలోంచి గుమాస్తా తల బయటకు పెట్టి, "వాతావరణం వాళ్లు విడిపోయిందన్నారు, మీ చెల్లెమ్మే సంతకం పెట్టింది, ఇంకా ఏం చూస్తావయ్యా!" అని అరిచాడు. మిల్లువాళ్లు టైమైపోతోందని గోల పెట్టారు. లాంచీ కదిలింది. ఏడెనిమిది నిమిషాలకు తెల్లటి గోడ లాంటి మంచులోకి వెళ్లింది. అన్నయ్య వేగం తగ్గించాడు, గంట కొట్టించాడు. వెనక్కి తిప్పబోయే లోపే అడుగున ఇసుకమేట తగిలి లాంచీ ఒక్క కుదుపుతో ఒరిగి ఆగింది. నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే పడ్డారు. ఒక నర్సుకు మణికట్టు విరిగింది. ఒక ముసలమ్మ నుదురు చిట్లింది. ముప్పై ఎనిమిది మంది మూడు గంటల పాటు ఆ ఇసుకమేట మీదే ఉండిపోయారు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు.

ఈ సంగతి ఆమెకు తొమ్మిదింటికి తెలిసింది. చెప్పినది బస్సు డిపో వాడు, అదీ వేరే విషయానికి ఫోన్ చేసి. ఆమె వెంటనే రేవుకు ఫోన్ చేసింది. అన్నయ్యకు దెబ్బ తగల్లేదన్నారు. తర్వాత ఆ రోజు ఫారం తెరిచింది. రాత్రి: మంచు ఉందని చిత్రం చూపింది, ఉంది. పగలు: తొమ్మిదింటికి మంచు లేదని చూపింది, లేదు. రెండూ సరే. రెండు గడులకూ ఐదుకు ఐదు. లాంచీ ఇసుకమేట ఎక్కిన ఆరూ నలభైకి మాత్రం ఆ ఫారంలో ఒక చిన్న గీత కూడా లేదు.

విచారణ రెండు రోజుల్లో ముగిసింది. సరంగు అజాగ్రత్త అన్నారు. కళ్ల ముందు మంచు కనపడుతుంటే లాంచీ నడపటం అతని తప్పన్నారు. నలభై రోజులు పని నుంచి తప్పించారు.

"మనకేం కాదమ్మా, భయపడకు," అన్నాడు డైరెక్టరు. "చిత్రంలో ఉన్నదే రాశాం."

"నాకేమవుతుందోనని కాదు సార్ నా బాధ. రాసింది తప్పు. తప్పని లాంచీ ఆఫీసుకు ఉత్తరం రాద్దాం."

"ఆఫీసు కాగితం మీదా? ససేమిరా."

ఆమె తెల్లకాగితం మీద తన పేరుతోనే రాసి పంపింది. పదిరోజులకు జవాబు వచ్చింది. 'మీ ఉత్తరం అందినది, దస్త్రంలో చేర్చబడినది' అని. నలభై రోజుల్లో ఒక్కటీ తగ్గలేదు.

ఆ ఆదివారం అన్నయ్య ఇంటికి వెళ్లింది. వదిన తలుపు తీసి, "రా," అని ఒక్క మాట అని లోపలికి వెళ్లిపోయింది. ఎప్పుడూ వాకిట్లోనే చెయ్యి పట్టుకుని కబుర్లు మొదలుపెట్టే మనిషి. అన్నయ్య మంచం మీద కూర్చుని ఊడిపోయిన స్టూలు కాలికి మేకు కొడుతున్నాడు. పట్టపగలు ఇంట్లో ఉన్న అన్నయ్యను ఆమె ఎన్నేళ్లకు చూసిందో.

"తప్పు నాదే అన్నయ్యా."

ఆయన మేకు మీద నుంచి చూపు తిప్పలేదు. "ఒక్కటి చెప్పు. విడిపోయిందని రాశావే, చూసి రాశావా, బొమ్మ చూసి రాశావా?"

"బొమ్మ చూసే," అంది ఆమె.

"నాకు ఒక్క ఫోను కొట్టుంటే సరిపోయేది కదే. నేను నీ సంతకం చూసి తాడు విప్పాను. ఇంకెవడి సంతకమైనా విప్పేవాణ్ణి కాదు."

వదిన కాఫీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. "ఆ నర్సమ్మకు విరిగింది కుడిచెయ్యి," అంది ఆమె వైపు చూడకుండా. "నేను వెళ్లి చూసొచ్చాను. నువ్వు కూడా ఒకసారి వెళ్లు." మర్నాడే వెళ్లింది. నర్సు ఆమెను ఎవరో అనుకుని ఎంతో మర్యాదగా మాట్లాడింది. తానే ఆ బులెటిన్ రాశానని చెప్పేసరికి, "ఓ, మీరా!" అని కట్టు కట్టిన చేతి వైపు చూసుకుంది.

తర్వాత వచ్చిన సెలవురోజున సొరుగులోంచి మాన్యువల్ తీసింది. సమీకరణాలున్న పేజీలు పళ్లబిగువున దాటింది. ముప్పై ఒకటో పేజీలో, ఒక పట్టిక కింద, సన్నటి అక్షరాల్లో రెండు వాక్యాలున్నాయి. సూర్యోదయం వేళ వాలుగా పడే ఎండ కలవటం వల్ల చిత్రంలో పొగమంచు రంగు చెరిగిపోవచ్చు. అందువల్ల ఆ సమయంలో మంచు లేదని చూపినా దాన్ని మంచు లేనట్టు భావించరాదు. ఆమె ఆ రెండు వాక్యాలనూ నాలుగుసార్లు చదివింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆ పుస్తకాన్ని గోడకేసి కొట్టింది. కూతురు పరిగెత్తుకొచ్చి, పుస్తకం తీసి, "అమ్మా, బొద్దింకా?" అంది.

"కాదు. నా తెలివి," అంది ఆమె.

పరిశోధన కేంద్రం అమ్మాయికి మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి మర్యాద పాటించలేదు. తెర మీద పెద్ద అక్షరాలతో రాయాల్సింది ముప్పై ఒకటో పేజీలో సన్నగా రాస్తారా అని గట్టిగా అడిగింది.

"మేడమ్, మీరు చదవలేదా?"

"పన్నెండో పేజీ దాకా చదివాను."

"మిగతా ఎనిమిది ఆఫీసుల్లో ఎవరూ ఇంతవరకు ఈ మాట అడగలేదు," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా. "వాళ్లు అక్కడి దాకా కూడా చదివుండరు. నేను వస్తాను మేడమ్. నాకు అక్కడ చూడాలనుంది."

అన్నట్టే వచ్చింది. బక్కపలచటి మనిషి, ముప్పై దాటి ఉండవు, భుజానికి ల్యాప్‌టాప్ సంచి. తెల్లవారేసరికి ఇద్దరూ రేవులో ఉన్నారు. ఆ రోజూ మంచే. ఆ అమ్మాయి సిమెంటు బెంచీ మీద కూర్చుని తెర తెరిచింది. ఐదుముప్పావుకు పసుపు. ఆరింటికి సన్నటి పసుపు. ఆరుంబావుకు తెర మీద నది శుభ్రంగా ఉంది, ఎదురుగా ఉన్న నది లేనే లేదు. కట్టేసిన లాంచీల ముక్కులు మాత్రం తెల్లదనంలోంచి పొడుచుకొచ్చి ఉన్నాయి. టికెట్ కోసం నిలబడ్డ గంపలామె ఒకావిడ వంగి తెర వైపు చూసి, "ఇది ఏ ఊరమ్మా?" అని అడిగింది.

"ఇదే ఊరు," అంది ఆ అమ్మాయి. చెవుల దాకా ఎర్రబడింది.

తర్వాత, టీ బండి దగ్గర నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పింది. "తప్పు ప్రోగ్రాంలో లేదు మేడమ్. రాత్రి మంచుకూ నేలకూ తేడా మేం కంటికి కనపడని రెండు రకాల వేడికిరణాల్లో, అంటే ఇన్‌ఫ్రారెడ్‌లో, పట్టుకుంటాం. ఎండ రాగానే ఒకటి పాడైపోతుంది. మామూలు ఫోటో తీద్దామంటే అప్పటికి వెలుతురు చాలదు. ఈ ఉపగ్రహంతో ఆ గంటను పట్టుకోవటం కుదరదు. మాకు మొదటినుంచీ తెలుసు. తెలిసే ఆ గంటను లెక్కలోంచి తీసేశాం. లేకపోతే మార్కులు పడిపోయేవి."

"తీసేయమన్నది ఎవరు?"

ఆ అమ్మాయి టీ గ్లాసులోకి చూసింది. "ఎవరూ అనలేదు. అందరం ఒప్పుకున్నాం."

మంచు మేడమ్‌కు ఆ అమ్మాయిని తిట్టాలనిపించింది. ఎదురుగా నిజం ఒప్పుకున్న మనిషిని తిట్టటానికి నోరు రాలేదు. తాను చదవకుండా వదిలేసిన పేజీలు కూడా గుర్తొచ్చాయి. టీ తాగి ఇద్దరూ గుట్టెక్కారు.

వంద రోజులూ పూర్తయ్యాక తొమ్మిది ఆఫీసులతో తెర మీద సమావేశం జరిగింది. ఎక్కడో పెద్ద కార్యాలయంలో కూర్చున్న అధ్యక్షుడు రంగుల పటాలు చూపించాడు. వాడినవాళ్ల సంతృప్తి ఐదుకు నాలుగు పాయింట్ నాలుగు. చప్పట్లు. ఏమైనా సందేహాలున్నాయా అన్నాడు. ఆమె చెయ్యెత్తింది.

"సార్, మా నది మీద పొద్దున దాటేవాళ్లలో సగానికి పైగా మీరు వదిలేసిన గంటలోనే దాటుతారు. రేవుల్లో లాంచీవాళ్లు రాసుకున్న పుస్తకాలు చూసి, వంద రోజులకూ ఆ గంట సంగతి విడిగా రాసి పెట్టాను. వంద రోజుల్లో మంచు పట్టినవి ఇరవై ఏడు. ఆ ఇరవై ఏడింట్లో పందొమ్మిది రోజులు ఆరుంబావుకు చిత్రం మంచు లేదంది. మంచు ఉంది."

"మంచి పరిశీలన," అన్నాడు అధ్యక్షుడు. "అయితే అది ఈ మూల్యాంకన పరిధిలోకి రాదు. తర్వాతి దశలో చూద్దాం."

"తర్వాతి దశ ఎప్పుడు సార్?"

"అది ఇంకా నిర్ణయించలేదు."

డైరెక్టరు బల్ల కింద నుంచి ఆమె చీర కొంగు లాగి కూర్చోమని సైగ చేశాడు. ఆమె కూర్చునే ఉంది.

చిత్రాన్ని ఆ నెలలోనే అన్ని ఆఫీసులకూ ఇచ్చేశారు. పరిశోధన కేంద్రం అమ్మాయి ఎవరినడిగిందో, ఎవరితో తగువు పడిందో గానీ, సూర్యోదయం వేళ చిత్రం మీద బూడిదరంగు గీతలు వచ్చేలా చేసింది. ఇక్కడ నమ్మవద్దు అని ఆ గీతల అర్థం. మంచు మేడమ్ మూడు రేవుల్లోనూ చూపు ఎంత దూరం ఆనుతుందో కొలిచే యంత్రాలు పెట్టించమని రాసింది. 'ఉపగ్రహ చిత్రం అందుబాటులో ఉన్నందున అవసరం లేదు' అని తిరుగు టపాలో వచ్చింది. ఆ కాగితం చదివి నవ్వింది. ఆ నవ్వు చూసి పక్క బల్ల ఆయన మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ఇక తన చేతిలో ఉన్నది బులెటినే. దాని అడుగున ఒక వాక్యం చేర్చింది: 'ఉదయం ఏడింటి దాకా నదిపై మంచు సంగతి ఉపగ్రహ చిత్రం ద్వారా తెలియదు, రేవులో కళ్లతో చూసుకున్నాకే లాంచీ కదపాలి.' లాంచీ ప్రమాదం తర్వాత బులెటిన్ తాను చూశాకే పంపనిస్తున్న డైరెక్టరు ఆ వాక్యం కొట్టేశాడు. మనకే తెలియదని మనమే రాసుకుంటామా అన్నాడు. మర్నాడు మళ్లీ రాసింది. మళ్లీ కొట్టేశాడు. ఇద్దరూ ఆ విషయం మాట్లాడుకోవటం మానేశారు. ఆమె రాయటం, ఆయన కొట్టేయటం. అలా తొమ్మిది రోజులు సాగాక ఆయన కంటి ఆపరేషన్‌కు వారం సెలవు పెట్టాడు. వారం రోజులూ ఆ వాక్యం వెళ్లింది. ఆయన నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చేసరికి లాంచీ ఆఫీసు వాళ్లు దాన్ని అచ్చు వేయించి మూడు రేవుల్లోనూ అంటించేశారు. మంచు రోజుల్లో మొదటి లాంచీ ఏడింటికని కొత్త నియమం కూడా పెట్టుకున్నారు. ఆయన ఆ వాక్యం కొట్టేయకుండానే బులెటిన్ మీద సంతకం చేశాడు.

అప్పటికి అన్నయ్య మళ్లీ చుక్కాని పట్టాడు. ఒకరోజు ఆయనే ఫోన్ చేశాడు.

"కిటికీ దగ్గర అంటించింది నువ్వు రాసిందేనా?"

"ఆఁ."

"బాగుంది. ఆ వంద రోజుల్లో ఎప్పుడైనా రాసుంటే ఇంకా బాగుండేది."

ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. కాసేపటికి, "భోజనానికి రమ్మంటోంది మీ వదిన," అన్నాడు.

ఆ తర్వాతి చలికాలంలో, సెలవురోజు పొద్దున, కూతురి కళాశాల పని మీద అవతలి ఒడ్డుకు వెళ్లాల్సి వచ్చింది. రేవులో మంచు. లాంచీ ఏడింటికి. అరవై మంది దాకా వరసలో ఉన్నారు. ఆమె వెనకున్న మిల్లు మనిషి గడియారం చూసుకుని, గోడ మీది కాగితం వైపు వేలు చూపించాడు.

"చూడండమ్మా వీళ్ల నిర్వాకం. పైన ఉపగ్రహం ఉందంటారు, మళ్లీ మీరే చూసుకోండంటారు. అంతంత జీతాలు తీసుకుని ఒక్క మాట ధైర్యంగా చెప్పలేరు. సగం పూట పోయింది నాకు."

"ఎవరో బులెటిన్ రాసే ఆవిడట," అంది ముందున్న గంపలామె. "ఆవిడకి మరీ పిరికితనమట."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఒకటో పేజీ నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పేద్దామని నోరు తెరిచింది. కానీ మిల్లు మనిషికి సగం పూట నిజంగానే పోయింది. చేతిసంచి ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుని, వరస ఒక అడుగు కదిలితే తానూ ఒక అడుగు ముందుకు వేసింది.